సీజన్ ముగిశాక బుసకొట్టిన ట్యాంకు: మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మీథేన్ నష్టంపై ఒక కేస్ స్టడీ

తిరుపతిలో ఉంటూ ఫ్యాక్టరీలకు ఇంధన ఆడిట్లు చేస్తుంటాను. గ్యాసు వాడే చోట లీకులు వెతకడం, ఎంత పోతున్నదో కొలవడం, తగ్గించే దారి చూడటం నా పని. ఈ కేసు చిత్తూరు జిల్లాలోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీది. యాజమాన్యం అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, సంవత్సరం, గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, అంకెలను కాస్త గుండ్రంగా సరిచేశాను. నా అంచనా మొదట రెండుసార్లు తప్పింది. ఎక్కడ, ఎందుకు తప్పిందో చెబితే ఈ పనిలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

నేపథ్యం

చిత్తూరు ప్రాంతంలో గుజ్జు అంటే ప్రధానంగా తోతాపురి. జూన్ మొదలు ఆగస్టు మధ్య దాకా ఫ్యాక్టరీ గేటు ముందు కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి, లోపల మూడు షిఫ్టులూ నడుస్తాయి. మిగతా తొమ్మిదిన్నర నెలలు ఆవరణలో అలికిడి ఉండదు. పీపాల్లో నింపిన గుజ్జు ఎగుమతికి కదులుతూ ఉంటుంది, అంతే. అసలు విషయమంతా ఆ తొమ్మిదిన్నర నెలల్లోనే ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

గుజ్జును వేడి చేసి శుద్ధి చేయడానికి ఆవిరి కావాలి. ఈ ఫ్యాక్టరీ బాయిలరు అంతకుముందు ఫర్నేస్ ఆయిల్‌తో నడిచేది. యాజమాన్యం ఖర్చు పెట్టి ఎల్‌ఎన్‌జీకి మారింది. పాత ఆయిల్ ఏర్పాటును తీసేయకుండా, రెండు ఇంధనాలూ మండించగల బర్నరు పెట్టించారు. అత్యవసరానికి ఉంటుందని చేసిన పని అది. అదే తరువాత మమ్మల్ని ఒడ్డున పడేసింది.

ఎల్‌ఎన్‌జీ సంగతి తెలియనివారికి నాలుగు మాటలు. సహజవాయువు అంటే ప్రధానంగా మీథేన్. దాన్ని మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిస్తే ద్రవమవుతుంది (అదే ఎల్‌ఎన్‌జీ), ఘనపరిమాణం సుమారు ఆరువందల వంతుకు తగ్గుతుంది. పైపులైను లేని చోటికి దాన్ని ట్యాంకర్లలో తెస్తారు. ఇక్కడికి చెన్నై పక్కనున్న ఎన్నూరు టెర్మినల్ నుంచి వస్తుంది. ఫ్యాక్టరీలో నిలువుగా నిలబెట్టిన 56 ఘనపు మీటర్ల ట్యాంకు ఉంది. లోపల ఒక పాత్ర, బయట మరొకటి, మధ్యలో శూన్యం. పెద్ద ఫ్లాస్కు అనుకోవచ్చు. ఎంత మంచి ఫ్లాస్కులోనైనా కాఫీ చల్లారక తప్పదు. ఇక్కడ కథ తలకిందులు: లోపలున్నది మెల్లగా వేడెక్కుతుంది, ఆవిరవుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. వాడకం ఉంటే ఆ ఆవిరి బాయిలరుకు వెళ్తుంది. వాడకం లేకపోతే ఒత్తిడి పెరిగి పెరిగి సేఫ్టీ వాల్వ్ తెరుచుకుంటుంది. ట్యాంకు పగలకూడదు కాబట్టి అది తెరుచుకుని తీరాలి.

వచ్చిన సమస్య

నన్ను పిలిచింది లీకు గురించి కాదు. గుజ్జు కొనే యూరప్ కంపెనీ ఒకటి కర్బన లెక్క అడిగింది. మేనేజరు ధీమాగా ఉన్నారు. ఫర్నేస్ ఆయిల్ మండితే ఒక గిగాజౌల్ వేడికి 77.4 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, సహజవాయువు మండితే 56.1 కిలోలు. వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందమైన ఐపీసీసీ మార్గదర్శకాల్లో ఉన్న అంకెలే ఇవి. గిగాజౌల్‌కు 21 కిలోలు మిగిలినట్టే కదా, ఆ మాట రాసి సంతకం పెట్టండి అన్నారు.

సంతకం పెట్టేముందు నేను ఎప్పుడూ చేసే పని ఒకటుంది: కొన్నదెంత, కాల్చినదెంత అని పక్కపక్కన రాసుకుంటాను. అంతకుముందు సీజన్‌లో 23 లోడ్లు, వేబ్రిడ్జి కాటా ప్రకారం 402 టన్నులు కొన్నారు. బాయిలరు మీటరు ప్రకారం కాల్చినది 381 టన్నులు. తేడా 21 టన్నులు, అంటే 5 శాతం పైమాటే. అకౌంట్స్ పుస్తకంలో దానికి 'హ్యాండ్లింగ్ నష్టం' అని పేరు పెట్టి ఒక వరుసలో ముగించారు.

ఈ 5 శాతం ఎందుకంత ముఖ్యమో మేనేజరుకు కాగితం మీద చూపించాను. మీథేన్ గాలిలో సగటున సుమారు పన్నెండేళ్ల పాటు ఉంటుంది. ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం, శిలాజ ఇంధనం నుంచి వచ్చే కిలో మీథేన్, భూమిని వేడెక్కించడంలో, వందేళ్ల లెక్కలో 29.8 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఇరవై ఏళ్ల లెక్కలో 82.5 కిలోలతో. గిగాజౌల్ వేడికి దాదాపు 20 కిలోల మీథేన్ కావాలి. ఆ 20 కిలోలలో ఎంత శాతం కాలకుండా గాలిలో కలిస్తే మనం మిగిల్చామనుకున్న 21.3 కిలోలు హరించుకుపోతాయి? వందేళ్ల లెక్కలో సుమారు 3.6 శాతం. ఇరవై ఏళ్ల లెక్కలో 1.3 శాతమే. ఇది ఫ్యాక్టరీ గేటు లోపలి లెక్క మాత్రమే. బావి నుంచి టెర్మినల్ దాకా పోయేది వేరు.

ఆ కాగితం చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే మేం ఆయిల్‌లోనే ఉండాల్సిందా సార్?" అని అడిగారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే 21 టన్నుల్లో గాలిలో కలిసినది ఎంతో తేలాలి. కొనుగోలుకూ మీటరుకూ మధ్య తేడా అంతా గాలిలో కలిసిన గ్యాసే అని చెప్పలేం. కాటా తప్పు చూపవచ్చు, మీటరు తప్పు చూపవచ్చు.

మొదటి ప్రయత్నం: లీకుల వేట

నేను వెళ్లింది జూలైలో, సీజన్ ముమ్మరంగా ఉన్నప్పుడు. అందరూ చేసేదే నేనూ చేశాను. చేతిలో పట్టుకునే గ్యాస్ డిటెక్టర్‌తో ప్రతి ఫ్లాంజీ (గొట్టాలను బోల్టులతో కలిపే చోటు), ప్రతి వాల్వ్ కాండం, ప్రతి గేజీ జాయింటు వాసన చూసినట్టు చూసుకుంటూ వెళ్లాను. మీథేన్‌ను పొగలా చూపించే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా అద్దెకు తెచ్చి రెండు పగళ్లు తిప్పాను. ముక్కును నమ్మే వీలు ఇక్కడ లేదు. ఇళ్లకు వచ్చే గ్యాసులో కలిపే ఘాటు పదార్థం ఎల్‌ఎన్‌జీలో ఉండదు, అంత చలికి అది గడ్డకడుతుంది. ట్యాంకు నుంచి పోయే గ్యాసుకు ఏ వాసనా ఉండదు.

పదకొండు లీకులు దొరికాయి. ఒక వాల్వ్ పెట్టెలో డిటెక్టర్ 30,000 పీపీఎం (పది లక్షల వంతుల గాలిలో ముప్పై వేల వంతులు) చూపించింది. మీథేన్ గాలిలో 5 శాతం, అంటే 50,000 పీపీఎం చేరితే అంటుకోగలదు కాబట్టి అందరూ దాని చుట్టూ చేరారు. ఒక్కో లీకుకూ ప్లాస్టిక్ సంచి బిగించి, నిండటానికి ఎంతసేపు పడుతుందో గడియారం పట్టుకుని చూశాను. అక్కడ తెలిసింది అసలు సంగతి. 30,000 పీపీఎం చూపిన చోట 10 లీటర్ల సంచి అరగంటైనా నిండలేదు. గాలి ఆడని పెట్టెలో కొద్దిపాటి గ్యాసు పోగుపడి అంకెను పెంచింది. ద్రవాన్ని గ్యాసుగా మార్చే వేపరైజర్ పక్కన, గాలి బాగా వీచే చోట ఒక ఫ్లాంజీ కేవలం 4,000 పీపీఎం చూపింది కానీ, దాని సంచి నాలుగు నిమిషాల్లో నిండిపోయింది. గంటకు 100 గ్రాముల లీకు అది. పదకొండింట్లోకీ అదే పెద్దది.

అన్నీ బిగించాం, రెండు గాస్కెట్లు మార్చాం. భద్రత దృష్ట్యా అది చేయాల్సిన పనే. కానీ అన్నీ కలిపి గంటకు 130 గ్రాములు, రోజుకు 3 కిలోలు, సీజన్ మొత్తానికి 200 కిలోలు. నేను వెతుకుతున్నది 21 టన్నులు. వెతకాల్సిన చోట వెతకడం లేదని అప్పుడే అర్థం కావాలి. కాలేదు. మర్నాటి నుంచి మీటరు మీద పడ్డాను.

రెండో ప్రయత్నం: మీటరు

మీటరుకు ఒత్తిడి దిద్దుబాటు స్థిరంగా పెట్టి ఉంది, లైనులో 2 బార్ ఉంటుందన్న లెక్కతో. నా దగ్గరున్న కాలిబ్రేట్ చేసిన గేజీ పెడితే 2.04 చూపించింది. చిన్న తేడాగానే కనిపిస్తుంది కానీ, వాతావరణ పీడనాన్నీ కలిపి లెక్కిస్తే, అసలు వెళ్తున్న గ్యాసు కంటే మీటరు 1.3 శాతం తక్కువ చూపుతోందన్నమాట. సీజన్ మొత్తం మీద అది 5 టన్నులు. నిజానికి కాలి ఆవిరి ఇచ్చిన గ్యాసే పుస్తకంలో నష్టంగా కనిపిస్తోంది.

5 టన్నులు దొరికేసరికి ఉత్సాహం వచ్చింది. మిగతాది కాటా తప్పు అయి ఉంటుందని మేనేజరుతో నోరుజారాను. ఆయన ఆశగా పట్టుకున్నారు ఆ మాటను. మర్నాడు ట్యాంకర్లను రెండు వేర్వేరు కాటాల మీద తూయించాం. లోడుకు 40 కిలోలకు మించి తేడా రాలేదు, అదీ ఒకసారి అటు, ఒకసారి ఇటు. కాటా నిర్దోషి. మిగిలిన 16 టన్నులకు జవాబు లేదు. ఆగస్టు నెల లెక్క తీస్తే, లీకులన్నీ బిగించిన తరువాత కూడా తేడా అలాగే ఉంది.

ఒక రాత్రి

సెప్టెంబరు చివరలో వేరే పని మీద అటు వెళ్లాను. కారు చెడిపోయి రాత్రి తొమ్మిది దాటాక ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గర ఆగాల్సి వచ్చింది. లోపల దీపాలు కూడా సగం లేవు. వాచ్‌మన్ టీ ఇచ్చాడు. తాగుతుండగా ట్యాంకు వైపు నుంచి పొడవుగా 'స్స్స్' మని చప్పుడు. కొంతసేపు సాగి, టక్కున ఆగింది.

"అదేమిటి అన్నా?" అన్నాను.

"ఎప్పుడూ ఉండేదే సార్. పగలు కూడా అంటుంది, చప్పుళ్లలో తెలియదు. కాయ అయిపోయాక మొదలవుతుంది, ధనుర్మాసం వచ్చేసరికి ఊరుకుంటుంది."

అతని టార్చి తీసుకుని వెళ్లాను. నలభై నిమిషాల తరువాత మళ్లీ సేఫ్టీ వాల్వ్ లేచింది. వెంటు గొట్టం కొసన వెలుతురులో తెల్లటి పొగ కనిపించింది. ఆ తెల్లదనం మీథేన్ కాదు, గాలిలోని తేమ చలికి మంచులా మారడం. మీథేన్ కంటికి కనిపించదు. కెమెరాతో రెండు పగళ్లు తిరిగినా ఇది నాకు దొరకలేదు. ఎందుకంటే అప్పుడు బాయిలరు నడుస్తోంది, ట్యాంకు ఒత్తిడి తక్కువగా ఉంది, వాల్వ్ లేవాల్సిన అవసరమే రాలేదు. అందరూ పనిలో ఉన్నప్పుడు సర్వే చేశాను. గ్యాసు అందరూ వెళ్లిపోయాక పోతోంది.

టార్చి కిందికి దించితే ఇంకొకటి కనిపించింది. ట్యాంకు అడుగున అల్యూమినియం రెక్కల గొట్టాల చుట్ట ఒకటి ఉంటుంది. ట్యాంకులో ఒత్తిడి తగ్గినప్పుడు కొద్దిగా ద్రవాన్ని ఆ చుట్టలోకి పంపి, ఆవిరి చేసి, ట్యాంకు పైభాగానికి తిప్పి పంపిస్తారు. ఒత్తిడి పెంచడానికి ఆ ఏర్పాటు. గ్యాసు వాడకమే లేనప్పుడు దానికి పనే లేదు, అది వాతావరణపు వేడిలోనే ఉండాలి. కానీ దాని రెక్కల మీద వేలి మందాన మంచు పేరుకుని ఉంది. గోటితో గీకితే పొరగా లేచి వచ్చింది. అంటే ద్రవం ఇంకా లోపల పారుతోంది. ఒత్తిడి తగ్గించుకోవడానికి ట్యాంకు పైనుంచి గ్యాసు వదులుతోంది, అడుగున ఈ చుట్ట ఆ ఒత్తిడిని మళ్లీ పెంచుతోంది.

బరువు కొలవడం

ఇప్పుడు ఎంత పోతున్నదో కొలవాలి. వెంటు గొట్టానికి ఫ్లో మీటరు పెడదామని మేనేజరు అన్నారు. ఒప్పుకోలేదు. సేఫ్టీ వాల్వ్ దారిలో ఏ అడ్డు పెట్టినా దాని సామర్థ్యం తగ్గుతుంది. ఈ ట్యాంకులు పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ పెసో లైసెన్సు కింద, 2016 నాటి పీడన పాత్రల నియమాల కింద నడుస్తాయి, ఆమోదించిన డ్రాయింగును మన ఇష్టానికి మార్చకూడదు. నియమం సంగతి అలా ఉంచినా, కొలత కోసం మనిషి ప్రాణాన్ని కాసే వాల్వును ఇబ్బంది పెట్టడం నాకు సమ్మతం కాదు. మంచులా వచ్చే చల్లటి గ్యాసు గాలి కంటే బరువుగా ఉండి కిందికి దిగవచ్చు కాబట్టి గొట్టం కొసకు సంచి కట్టే ఆలోచనకూ చోటు లేదు.

ఉపగ్రహాలు ఉన్నాయి కదా అని కుర్ర ఇంజనీరు ఒకరు అడిగారు. ఒక్కో ప్లాంటును విడిగా చూడగల ఉపగ్రహాలకు కూడా సాధారణంగా గంటకు వంద కిలోల స్థాయిలో పోతే గానీ కనిపించదు. ఇక్కడ పోతున్నది, తరువాత తేలినట్టు, గంటకు నాలుగు కిలోలు.

ట్యాంకునే తక్కెడగా వాడాం. నిలువు ట్యాంకు అడుగుకూ పైభాగానికీ మధ్య ఒత్తిడి తేడా లోపలున్న ద్రవం బరువును నేరుగా చెబుతుంది, ద్రవం సాంద్రత మారినా లెక్క చెడదు. లోపలి పాత్ర వ్యాసం 3 మీటర్లు, వైశాల్యం సుమారు 7 చదరపు మీటర్లు. వంద కిలోలు తగ్గితే గేజీలో సుమారు 14 మిల్లీమీటర్ల నీటి ఎత్తు తగ్గాలి. ట్యాంకుకున్న ముల్లు గేజీలో అది కనిపించదు. మిల్లీమీటరు దాకా చదివే డిజిటల్ పరికరం పెట్టి, పది నిమిషాలకొకసారి నమోదయ్యేలా చేసి, ఆరు రోజులు ఎవరూ ఏ వాల్వూ ముట్టకుండా వదిలేశాం. ఆరు రోజుల్లో 81 మిల్లీమీటర్లు తగ్గింది. రోజుకు 95 కిలోలు.

ఈ అంకె సరైనదా కాదా అని సరిచూసుకోవడానికి వాచ్‌మన్ మాటే పనికొచ్చింది. ముందు సంవత్సరం సీజన్ ముగిసిన ఆగస్టు 15 నాటికి ట్యాంకులో సుమారు 11 టన్నులు మిగిలినట్టు లోడ్ల రిజిస్టరును బట్టి తేలింది. రోజుకు 95 కిలోల చొప్పున పోతే 116 రోజులు. ఆగస్టు 15 నుంచి లెక్కపెడితే డిసెంబరు 9. ధనుర్మాసం మొదలయ్యేది డిసెంబరు 16 ప్రాంతంలో. ఫ్యాక్టరీలో ఏ పుస్తకంలోనూ లేని సమాచారం ఒక మనిషి చెవిలో ఉంది. జూలైలోనే అతన్ని అడిగి ఉంటే మూడు నెలలు కలిసొచ్చేవి.

బాగుచేశాం, అయినా సరిపోలేదు

ఒత్తిడి చుట్టకు ముందున్న రెగ్యులేటర్ సీటులో చెత్త ఇరుక్కుని పూర్తిగా మూసుకోవడం లేదు. దాని ముందు చేత్తో తిప్పి మూసే వాల్వ్ ఒకటి ఉంది. బాయిలరు ఆపరేటర్‌ను అడిగితే, "మూయమని ఎవరూ చెప్పలేదు సార్, మొదటి రోజు ఎలా ఉందో అలాగే ఉంచాను" అన్నాడు. తప్పు అతనిది కాదు. చేతికిచ్చిన సూచనల్లో సీజన్ ముగింపు అనే పేజీయే లేదు. వాల్వ్ మూశాం. గంటలో చుట్ట మీది మంచు కరిగి నీళ్లు కారడం మొదలైంది. మళ్లీ ఆరు రోజులు కొలిస్తే రోజుకు 46 కిలోలు. ఆ పరిమాణం ట్యాంకుకు, మంచి శూన్యం ఉన్నా, అంత పోవడం సహజమే.

సగానికి పైగా తగ్గింది. మేనేజరు స్వీట్లు తెప్పించారు. ఆ సాయంత్రం తిరుపతికి బస్సులో వస్తూ ఇంకో లెక్క వేశాను. 11 టన్నుల్ని 46తో భాగిస్తే 239 రోజులు. ఆగస్టు 15కు కలిపితే ఏప్రిల్ రెండో వారం. తరువాతి సీజన్ జూన్‌లో. అంటే ధనుర్మాసానికి ఊరుకునే ట్యాంకు ఉగాది ప్రాంతంలో ఊరుకుంటుంది. పోయే గ్యాసు మాత్రం అదే 11 టన్నులు. మేం చేసిన మరమ్మతు నష్టాన్ని తగ్గించలేదు, నిదానం చేసింది.

ఈ కేసులో నేను నేర్చుకున్న అన్నింట్లోకీ పెద్ద విషయం ఇదే. గంటకు ఇంత, రోజుకు ఇంత అని కొలవడానికి అలవాటుపడ్డవాళ్లం మేం. రేటు తగ్గితే పని అయిపోయిందనుకుంటాం. వాడకం లేని తొమ్మిది నెలల గడువు ముందుండగా ట్యాంకులో ద్రవం మిగిల్చితే, రేటు ఎంతైనా ఆఖరికి చేరేది ఒకే చోటికి.

దారులు, వాటిలో ఒకటి

అక్టోబరులో కూర్చుని ఉన్న దారులన్నీ వేసుకున్నాం. వెంటు గ్యాసును మంటగా కాల్చడం మొదటిది. కిలో మీథేన్ మండితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, 29.8 కంటే ఎంతో మేలు. కానీ గొట్టం దగ్గర ఎప్పుడూ మండే దీపానికి కావాల్సిన దూరాలు ఆ ఆవరణలో లేవు. రెండోది చిన్న జనరేటర్. రోజుకు 46 కిలోల గ్యాసుతో ఎనిమిది కిలోవాట్ల మేర నిరంతరం కరెంటు వస్తుంది. వీధి దీపాలకూ ఆఫీసుకూ సరిపోతుంది. నాకు మొదట నచ్చింది. తరువాత ఆలోచిస్తే, వృథా అయ్యేదాన్ని వాడుకోవడానికి యంత్రం కొంటే, ఆ యంత్రం కోసమే ప్రతి ఏటా ద్రవం మిగల్చడం అలవాటవుతుంది. మూడోది, మిగిలిన ద్రవాన్ని ట్యాంకర్‌లోకి ఎక్కించి వెనక్కి పంపడం. సరఫరాదారు ఒప్పుకోలేదు, ఇక్కడ అందుకు పంపూ లేదు.

మిగిలినది ఒక్కటే: సీజన్ చివరి రోజుకు ట్యాంకును ఖాళీ చేయడం. వినడానికి ఇంత చిన్న మాటకు ఎందుకంత ఆలస్యమైందంటే, గుజ్జు ఫ్యాక్టరీలో చివరి రోజు ఏదో ఎవరికీ తెలియదు. కాయ ఎప్పుడు ఆగుతుందో తోట చెబుతుంది, వాన చెబుతుంది, ధర చెబుతుంది. గ్యాసు మధ్యలో అయిపోతే లైనులో ఉన్న గుజ్జంతా పాడవుతుంది, గేటు బయట రైతు కాయలు ఎండలో కుళ్లుతాయి. ఆ భయంతోనే ఏటా చివర్లో ఒక లోడు అదనంగా తెప్పించేవారు. ఆ జాగ్రత్తే 11 టన్నులు.

అప్పుడు పాత ఫర్నేస్ ఆయిల్ బర్నరు గుర్తొచ్చింది. చివరి రెండు రోజులు కాయ వస్తే ఆయిల్‌తో నడపండి, కొత్త లోడు పిలవకండి అన్నాను. మేనేజరు నా ముఖం వైపు వింతగా చూశారు. పర్యావరణం గురించి లెక్కలు వేసే మనిషి ఆయిల్ కాల్చమంటున్నాడు! లెక్క చూపించాను. రోజుకు సగటున ఐదున్నర టన్నుల గ్యాసు, అంటే 275 గిగాజౌళ్లు. రెండు రోజులకు 550. గ్యాసుకు బదులు ఆయిల్ కాలిస్తే అదనంగా పోయేది దాదాపు 12 టన్నుల కార్బన్ డయాక్సైడ్. 11 టన్నుల మీథేన్ గాలిలోకి వదిలితే వందేళ్ల లెక్కలోనే 328 టన్నులతో సమానం. ఆయిల్ పొగలో గంధకం ఉంటుంది, మసి ఉంటుంది. పక్క ఊరికి అది మంచిది కాదు, అందుకే రెండు రోజులకు మించి వద్దని హద్దు పెట్టాం.

రెండో అభ్యంతరం బాయిలరు ఆపరేటర్‌ది. ట్యాంకు వేడెక్కితే మళ్లీ చల్లబరచడానికి మొదటి లోడులో చాలా ఆవిరైపోతుంది కదా అన్నాడు. మంచి ప్రశ్న. రెండు జాగ్రత్తలు తీసుకున్నాం. ద్రవం అయిపోయినా ట్యాంకులో మీథేన్ ఆవిరిని ఒత్తిడితో అలాగే ఉంచాం, గాలి చొరబడలేదు కాబట్టి నైట్రోజన్‌తో కడగాల్సిన పని రాలేదు. జూన్‌లో మొదటి ట్యాంకర్ వచ్చేసరికి బాయిలరును ఆయిల్ మీద వెలిగించి ఉంచాం, ట్యాంకు చల్లబడుతూ వదిలే ఆవిరినంతా ఆ మంటలోకే పంపాం. ఏడు గంటలు పట్టింది. ట్యాంకర్ డ్రైవర్ గొడవపడ్డాడు, ఆలస్యానికి రుసుం కట్టాల్సి వచ్చింది. వెంటు మాత్రం ఒక్కసారి కూడా లేవలేదు.

సీజన్ లోపలి నష్టాలు

వీటిని త్వరగా చెబుతాను. ట్యాంకర్ ఖాళీ చేసేముందు, ద్రవం సులువుగా దిగాలని ట్యాంకు ఒత్తిడిని వెంటు తెరిచి తగ్గించేవారు. లోడుకు దాదాపు 130 కిలోలు, 23 లోడ్లకు 3 టన్నులు. ఇప్పుడు ట్యాంకర్ వచ్చే గంట ముందే ఒత్తిడి చుట్టను ఆపి, బాయిలరు చేత ట్యాంకు పైభాగంలోని ఆవిరినే తాగిస్తారు, తరువాత పైనుంచి నింపుతారు. చల్లటి ద్రవం జల్లులా పడేసరికి పైన ఉన్న ఆవిరి కుంచించుకుని ఒత్తిడి దానంతటదే పడిపోతుంది. వాన వల్లనో, కాయ అందకనో ఆగిన రోజుల్లో ఇంకో టన్నున్నర పోయేది. ఆగి మళ్లీ మొదలయ్యాక ముందుగా ఆవిరిని వాడుకునే ఎకనామైజర్ లైను ట్యాంకుకు ఉంది కానీ, దాని వాల్వ్ ప్లాంటు పెట్టిన రోజు నుంచీ మూసే ఉంది. తెరిచాం.

ఫలితం

మొదటి సంవత్సరం 21 టన్నుల తేడా చివరకు ఇలా తేలింది: సీజన్ తరువాత 11, లోడ్ల దగ్గర 3, ఆగిన రోజుల్లో ఒకటిన్నర, లీకులు 0.2, మీటరు తప్పు 5. గాలిలో కలిసినది దాదాపు 16 టన్నులు, కొన్నదానిలో 3.9 శాతం. అంటే వందేళ్ల లెక్కలో చూసినా, ఆయిల్ నుంచి మారి మిగిల్చిన దానికంటే పోగొట్టినదే ఎక్కువ. మేనేజరు అడిగిన ప్రశ్నకు ఆ ఏటికి సమాధానం 'అవును' అనే చెప్పాను. కొనుగోలుదారుకు పంపిన లెక్కలో కూడా అదే రాశాం. మేనేజరు దాన్ని దిద్దమని అడగలేదు, అందుకు ఆయన్ను గౌరవిస్తాను.

మేం కొలతలు తీసిన సంవత్సరం, మిగిలిన ద్రవాన్ని కాపాడలేకపోయాం. ఆ తరువాతి సీజన్‌లో 22 లోడ్లు, 388 టన్నులు. చివర్లో అదనంగా తెప్పించే లోడును ఈసారి పిలవలేదు. చివర ఒకటిన్నర రోజు ఆయిల్ మీద నడిపారు. ట్యాంకులో మిగిలినది టన్నుకు కాస్త తక్కువ. అన్నీ కలిపి గాలిలో కలిసినది 1.7 టన్నులు, 0.44 శాతం.

ఇలాంటి పని చేసేవారికి

సర్వే ఎప్పుడు చేశారన్నది ఎక్కడ చేశారన్నంత ముఖ్యం. యంత్రం నడుస్తున్నప్పుడు ఒకసారి, ఆగిన రాత్రి ఒకసారి వెళ్లండి. పీపీఎం అంకెను చూసి లీకుకు పెద్ద, చిన్న అని పేర్లు పెట్టకండి, సంచితోనో బరువుతోనో తేల్చండి. అమెరికా సహజవాయు రంగంపై 2018లో వచ్చిన సమగ్ర అధ్యయనంలో అసలు నష్టం ఉత్పత్తిలో 2.3 శాతంగా తేలింది. అక్కడి ప్రభుత్వ అంచనాకు అది సుమారు 60 శాతం ఎక్కువ. సాధారణంగా నడవని సమయాల్లో పోయే గ్యాసు లెక్కకు అందకపోవడం దానికి ఒక కారణంగా చెప్పారు. ఆ మాట చదివినప్పుడు పెద్ద పెద్ద బావుల సంగతి అనుకున్నాను. ఆ రాత్రి టార్చి వెలుగులో చూసింది అదే.

'సేఫ్టీ వాల్వ్ తన పని చేసింది' అన్న మాటతో లెక్క ముగించకండి. దాని పని అది చేయాలి. అన్నిసార్లు లేవాల్సిన అవసరం ఎందుకొచ్చిందో అడగడం మన పని.

ఇక్కడ మిగిలిపోయినవి రెండున్నాయి. ఖాళీ అయిన ట్యాంకర్‌లో మిగిలే ఆవిరి ఎన్నూరు దారిలో ఏమవుతుందో ఈ కేసులో కొలవలేదు, అది ఫ్యాక్టరీ హద్దుకు అవతల ఉంది. సరఫరాదారుతో మాటలు నడుస్తున్నాయి. రెండోది, ట్యాంకు గోడల మధ్య శూన్యం ఏళ్లు గడిచేకొద్దీ తగ్గవచ్చు. అందుకని సీజన్ మధ్యలో కాయ రాక ఒక్కరోజు ఆగినా సరే, ఆపరేటర్ బరువు గేజీ అంకెను ఉదయం, సాయంత్రం రాస్తున్నాడు. రిజిస్టరులో ఆ గడుల పక్కన ఇంకో గడి కూడా గీయించాం: రాత్రి వెంటు ఎన్నిసార్లు లేచింది. అది నింపేది వాచ్‌మన్.